పంతొమ్మిదో తేదీ దాకా

ఆ వేసవిలో మోత్రియ చేతుల మీదుగా బండ్లకొద్దీ యాపిల్ పళ్ళు వెళ్ళాయి. ఒక్కటీ ఆమె నోటి దాకా వెళ్ళలేదు.

యారివ్క ఊళ్ళో తోటలన్నీ సమష్టి క్షేత్రానివి. కొండవాలు మీద మొదలై ద్నీస్తర్ నది ఒడ్డు దాకా చెట్లే. కోసుకొచ్చిన పళ్ళలో రైలెక్కేవి ఒక వైపు, దెబ్బ తిన్నవి ఒక వైపు, పురుగు పట్టినవి ఇంకో వైపు వేరుచేసే పని ఆడవాళ్ళది. ఆ పని చర్చిలో జరిగేది. కిందటి చలికాలం, దేవుడూ పూజలూ ఇక కూడదంటూ జిల్లా నుంచి పార్టీ మనుషులొచ్చి చర్చికి తాళం వేశారు. ఫాదర్‌ని ఎక్కడికో పంపేశారు. వసంతం రాగానే సమష్టి క్షేత్రం వాళ్ళు ఆ తాళం తీసి లోపల పళ్ళపెట్టెలు పేర్చుకున్నారు. గోడల మీద దేవుడి బొమ్మలకి సున్నం కొట్టారు గానీ ఒక్క పూతతో సరిపెట్టారు. వాన పడి గోడ తడిసిన రోజున సున్నంలోంచి కళ్ళు పైకి తేలేవి. ఆ కళ్ళ కింద కూర్చుని ఆడవాళ్ళు పళ్ళు ఏరేవాళ్ళు.

వాళ్ళలో చెయ్యి తిరిగినది మోత్రియ. ముప్ఫై ఏళ్ళ మనిషి, పొడగరి, మాట పొదుపు. మొగుడు హోర్దీ క్షేత్రం లారీ నడుపుతాడు. వాళ్ళకి ఒక్కతే కూతురు, ఉస్త్య. మూడేళ్ళ పిల్ల. ఫిబ్రవరిలో గొంతు వాచి, మంచుకి దారులు మూసుకుపోయి, డాక్టరు వచ్చేలోగా పోయింది.

ఆగస్టు పంతొమ్మిదిన స్పాస్ పండుగ. కొత్త యాపిల్ పళ్ళు చర్చికి తీసుకెళ్ళి, ఫాదర్ చేత పవిత్ర జలం చల్లించుకుని, ఇంటికి తెచ్చుకుని తింటారు. మామూలు వాళ్ళు ముందే తిన్నా ఎవరూ పట్టించుకోరు. బిడ్డను పోగొట్టుకున్న తల్లి మాత్రం ఆ రోజు దాకా ముట్టకూడదు. పైలోకంలో ఆ రోజున పిల్లలందరికీ తలా ఒక పండు పంచుతారట. ఎవరి తల్లి నోరు కట్టుకోలేక ముందే తినేసిందో, ఆ బిడ్డ దగ్గరికి వచ్చేసరికి బుట్ట ఖాళీ. ‘నీది పంది తినేసిందమ్మా’ అని చెప్పి పంపేస్తారట. ఇది నిజమేనా అని యారివ్కలో ఎవరూ ఎవరినీ అడగరు.

“ఒక్క ముక్క కూడా వద్దా? పోనీ వాసన చూస్తే తప్పా?” అంది పక్కన కూర్చునే పలాష్క, జూలై చివర్లో మొదటి తెల్ల యాపిళ్ళు వచ్చిన రోజున.

“వాసన చూడ్డం మన పనిలో భాగం. దానికేం తప్పు లేదు.”

“అయినా ఫాదరే లేడు కదే. పంతొమ్మిదిన నీళ్ళు ఎవరు చల్లుతారు? పైపు పెట్టి మన హోర్దీ చల్లుతాడా, లారీ కడిగినట్టు?”

మిగతా ఆడవాళ్ళు నవ్వారు. మోత్రియ కూడా కొంచెం నవ్వింది. నవ్వుతూనే, “ఎవరో ఒకరు చల్లుతారు. పండు మాత్రం ఆ రోజుకి ఉండాలి కదా,” అంది.

చైర్మన్ తిమోఫీ సావిచ్ వస్తుంటే మనిషి కన్నా ముందు చప్పుడు వచ్చేది. యుద్ధంలో ఒక కాలు పోయింది. చెక్క కాలుతో నడుస్తాడు. ఆగస్టు మొదటి వారంలో ఒక పొద్దున ఆ చప్పుడు చర్చి గచ్చు మీద వినపడింది. సావిచ్ పళ్ళపెట్టె మీద చెయ్యి ఆన్చి, గొంతు సవరించుకుని, కొత్త కబురు చెప్పాడు. ఈ ఏటి నుంచి యారివ్కలో యాపిల్ పండుగ జరుగుతుంది. స్పాస్ కాదు, ఫాదర్లకీ చర్చిలకీ సంబంధం లేని పండుగ. బ్యాండు మేళం, అలంకరించిన బండి, డాన్సులు, జిల్లా పార్టీ కార్యదర్శి ప్రసంగం. వచ్చే ఆదివారం, పన్నెండో తేదీన.

“వేదిక మీద మొదటి పండు కొరికేది మన ఉత్తమ కార్మికురాలు,” అన్నాడు సావిచ్. “ఎవరో మీకు నేను చెప్పక్కర్లేదు.”

అందరూ మోత్రియ వైపు తిరిగారు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. పన్నెండు ఎందుకో, పంతొమ్మిది ఎందుకు కాదో అక్కడున్న వాళ్ళందరికీ తెలుసు.

సావిచ్ బయటికి నడిచాడు. మోత్రియ చేతులు ఏప్రాన్‌కి తుడుచుకుంటూ వెనకే వెళ్ళింది.

“సావిచ్ గారూ, ఒక్క వారం వెనక్కి జరపండి.”

“వారం జరిపితే ఇక పెట్టడం దేనికి?” అనేసి, నాలుక కరుచుకున్నాడు.

“అంటే అందుకే పెట్టారన్న మాట.”

“నేను పెట్టలేదమ్మా. పైనుంచి కాగితం వచ్చింది. తారీఖు వాళ్ళే వేశారు. నేను సంతకం పెట్టాను, అంతే.”

“అయితే ఇంకెవరినైనా పిలవండి. నేను రాను.”

“నీ పేరు పైకి వెళ్ళిపోయింది. ఫోటో కూడా పంపాం. ఇప్పుడు వేరేవాళ్ళు ఎక్కితే ఏమైందని అడుగుతారు. ఏం చెప్పను?”

“ఉన్నది చెప్పండి.”

సావిచ్ ఆమె ముఖం కేసి చూడలేక కొండ మీది చెట్లు చూశాడు. “ఒక్క కొరుకు. ఎవరికేం నష్టం?” అన్నాడు మెల్లిగా. అన్నాక ఆ మాట తనకే బాగా లేనట్టు, చెక్క కాలు మట్టిలో గట్టిగా గుచ్చుకుంటూ వెళ్ళిపోయాడు.

సాయంత్రం భోజనం దగ్గర హోర్దీకి అప్పటికే కబురు అందింది. రొట్టె తుంచుతున్నాడు గానీ తినట్లేదు.

“కొరికినట్టు చెయ్యి,” అన్నాడు. “ముక్క బుగ్గలో పెట్టుకో. దిగాక ఉమ్మెయ్. ఎవరికి తెలుస్తుంది?”

“ఉస్త్యకి తెలుస్తుంది.”

“మోత్రియా, నా లారీ తీసేసుకుంటారు. నిన్ను ఎక్కడికి తోస్తారో తెలీదు. బతికున్న వాళ్ళ సంగతి కూడా చూడాలి కదా.”

“దానికి పాలు పట్టాను, జ్వరం వస్తే ఎత్తుకుని తిరిగాను. ఇప్పుడు నేను చెయ్యగలిగింది ఇదొక్కటే మిగిలింది. ఇది కూడా దొంగగా చెయ్యమంటావా?”

హోర్దీ రొట్టె పక్కన పెట్టేశాడు. అతని తల్లి యావ్దోఖ బల్ల చివర కూర్చుని ఉంది. డెబ్బై దాటిన మనిషి, నోరు మహా పదును. కోడలి వంట మీద, నడక మీద, పొడుగు మీద ఏదో ఒకటి అనకుండా రోజు గడవదు. అలాంటి మనిషి ఆ పూట కోడలినీ అనలేదు, కొడుకునీ అనలేదు.

“బీట్‌రూట్ పులుసు చల్లారిపోతోంది,” అంది. అంతే.

ఆదివారం వచ్చింది. మైదానంలో చెక్కలతో వేదిక కట్టారు. బండి మీద గుమ్మడికాయ కన్నా పెద్ద కాగితపు యాపిల్ పెట్టి ఊరంతా ఊరేగించారు. దానికి ఎర్ర రంగు వేశారు. ఆగస్టులో ఆ ఊరి పళ్ళన్నీ తెల్లగా పాలిపోయి ఉంటాయి, ఎర్రది ఒక్కటీ ఉండదు. కానీ డిపోలో మిగిలింది ఎర్ర రంగే. బ్యాండు వాళ్ళు జిల్లా నుంచి వచ్చారు. ఎండకి బూరా ఊదేవాడి ముఖం కూడా ఆ కాగితపు పండు రంగుకి తిరిగింది. పిల్లలు బండి వెనక పరిగెత్తారు. ముసలివాళ్ళకి ముందు వరసలో బల్లలు వేశారు. నిజం చెప్పాలంటే జనం బాగానే వచ్చారు. మేళం ఉంటే యారివ్క వాళ్ళు ఇంట్లో కూర్చునే రకం కాదు.

మోత్రియ ఇస్త్రీ చేసిన తెల్ల జాకెట్టు వేసుకుని, ఉతికిన ఏప్రాన్, తలకి రుమాలు కట్టుకుని వేదిక ఎక్కింది. రాను అనుకున్నది ఎందుకు వచ్చిందంటే, ఇంట్లో దాక్కుంటే జ్వరమొచ్చిందని చెప్పి సావిచ్ ఆ పని ఇంకొకరి చేత చేయించేస్తాడు. అప్పుడు తను తినలేదన్నది తనకీ గోడలకీ తప్ప ఎవరికీ తెలియదు. దాక్కోవడం ఆమెకి ఇష్టం లేదు.

కార్యదర్శి చాలాసేపు మాట్లాడాడు. పాత నమ్మకాల చీకటి, కొత్త పంటల వెలుగు. తర్వాత సావిచ్ కుట్టుపూల తువ్వాలు మీద ఒక పండు పెట్టి తెచ్చి మోత్రియకి అందించాడు. మంచి పండు. ఆమె ఏరినదే.

మోత్రియ పండు తీసుకుంది. ఒక్కసారి చూసింది. ఏప్రాన్ జేబులో వేసుకుంది.

కార్యదర్శి నవ్వుతూ మైకు దగ్గరికి వంగాడు. “ఏమ్మా, మీ పళ్ళు పుల్లగా ఉంటాయా ఏమిటి?”

“లేదండీ. పండు బాగుంది,” అంది మోత్రియ. “పంతొమ్మిదో తేదీన తింటాను.”

ఆ మాట మైకులోంచి మైదానం చివర గుర్రాల దాకా వెళ్ళింది. కార్యదర్శి నవ్వు ఉన్నచోటే ఆగిపోయింది. సావిచ్ గబగబా ఇంకో పండు అందుకుని, “మన మోత్రియకి సిగ్గెక్కువ. పెద్దవాళ్ళతోనే మొదలుపెడదాం,” అంటూ వేదిక దిగాడు. ముందు వరసలో మొట్టమొదట కనపడింది యావ్దోఖ. పండు ఆమె చేతిలో పెట్టబోయాడు.

యావ్దోఖ చెయ్యి చాపలేదు.

“నేనూ పంతొమ్మిది దాకా తినను బాబూ. నాకు ఇద్దరు. ఆ కరువు ఏడాది.”

మెల్లిగానే అంది. వేదిక మీద ఉన్న మోత్రియకి వినపడింది. పెళ్ళయి పదేళ్ళు ఒకే కప్పు కింద ఉండి, అత్తగారికి హోర్దీ కాక వేరే పిల్లలు ఉండేవాళ్ళని ఆమెకి తెలియదు. ఎండలో, అంతమంది ముందు, ఇలా తెలిసింది.

సావిచ్ పక్కామెకి ఇవ్వబోయాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. “నాకు ఒకడు. యుద్ధంలో, పాలు చాలక.” ఆ పక్కామె చేతులు ఒళ్ళో ముడుచుకుంది. వెనక వరసలో పలాష్క వైపు చూశాడు. పలాష్క అసలు మాటలమ్మాయి. ఆ పూట కళ్ళు దించుకుని, “నా కవలల్లో ఒకడు పురిట్లోనే,” అంది. పక్కన కూర్చుని రోజూ నవ్వించే మనిషి, ఈ మాట మోత్రియకి ఎప్పుడూ చెప్పలేదు. ఇంకో రెండు వరసలు వెతికాడు సావిచ్. అందులో ముందే తినేసినవాళ్ళూ ఉండే ఉంటారు, ఒకరిద్దరు భయానికి చెయ్యి చాపబోయారు కూడా. కానీ అప్పటికి ఆయనకే చాలనిపించింది. కరువూ యుద్ధమూ దాటి వచ్చిన ఊళ్ళో, ఏ బిడ్డా పోని తల్లిని వెతుకుతూ తను అందరి ముందూ తిరుగుతున్నాడని అర్థమైంది.

మళ్ళీ వేదిక ఎక్కాడు. మైకు ముందు నిలబడి పండు తనే కొరికాడు. ఆ చప్పుడు ఊరంతటికీ వినపడింది. నమిలి మింగి, బ్యాండు వైపు చెయ్యి ఊపాడు. మేళం మొదలైంది. కాసేపటికి జనం డాన్సు కూడా చేశారు.

మర్నాడు పొద్దున్నే సావిచ్ చర్చి గుమ్మం దగ్గర మోత్రియని పక్కకి పిలిచాడు.

“రేపట్నుంచి నువ్వు పందుల కొట్టానికి వెళ్ళు.”

“పందులేం పాపం చేశాయి?”

“నవ్వులాట కాదు. ఇంతకన్నా చిన్న శిక్ష నా దగ్గర లేదు. వాళ్ళు ఇంకా పెద్దది అడిగారు. హోర్దీ లారీ జోలికి రాకుండా చూశాను. అది గుర్తుపెట్టుకో.”

“గుర్తుపెట్టుకుంటాను,” అంది మోత్రియ. “మీరు పండు కొరికింది కూడా.”

పందుల కొట్టంలో పని బరువు. దాణా బకెట్లు మొయ్యాలి, పేడ తియ్యాలి. పురుగు పట్టిన యాపిళ్ళు తట్టలతో అక్కడికే వచ్చేవి. వాటిని తొట్టిలో పోస్తూ, పందులు కరకరా నములుతుంటే వినడం మొదటి రెండు రోజులూ ఆమెకి చాలా కష్టమైంది. మూడో రోజుకి పందుల మీద కోపం పోయింది. వాటికి ఇచ్చింది అవి తింటున్నాయి. తన పని తను చెయ్యాలి.

ఆ పని ఏమిటో ఆమెకి స్పష్టంగానే ఉంది. నదికి అవతల మోల్దావియా వాళ్ళ ఊళ్ళో ఒక చర్చి ఇంకా తెరిచి ఉంది. రేవు దగ్గర తాడు పట్టుకుని లాగే పంటు ఉంది. పంతొమ్మిది ఆదివారమే; ఆ రోజు పందులకి పొద్దుటి దాణా వేసి పంటెక్కితే పూజ వేళకి చేరొచ్చు. శనివారం రేవుకి వెళ్ళి అడిగింది.

“రేపు పంటు లేదు. మరమ్మతు,” అన్నాడు పంటువాడు.

“ఏం విరిగింది?”

“ఏమో. రేపు విరుగుతుందని చెప్పమన్నారు.”

మోత్రియ ఇంటికి వచ్చి, పెరట్లో సొంత చెట్టు పళ్ళు కోసి రుమాల్లో కట్టింది. వేదిక మీది పండు కూడా అందులోనే పెట్టింది. హోర్దీ గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు.

“పంటు లేదటగా.”

“పాత మిల్లు దగ్గర నది తగ్గింది. నడుము లోతు ఉంటుంది. దాటుతాను.”

“అక్కడ అడుగున రాళ్ళు జారతాయి.”

“జారితే లేస్తాను.”

వారం రోజులుగా ఇద్దరి మధ్యా మాటలు అంతంత మాత్రం. హోర్దీ తల గీరుకున్నాడు. వేదిక ముందు తల్లి అన్న మాట అతనికీ కొత్తే. తను పుట్టకముందు తనకి అన్నో అక్కో ఉండేవాళ్ళని ముప్ఫై అయిదేళ్ళు వచ్చాక తెలిసింది. తల్లిని అడగడానికి రెండుసార్లు నోరు తెరిచి మూసుకున్నాడు.

“రేపు పందుల దాణాకి మిల్లు వైపు వెళ్ళాలి నేను,” అన్నాడు చివరికి. “లారీ ఎలాగూ అటే పోతుంది.”

ఆ సాయంత్రం పలాష్క వచ్చింది. ఏప్రాన్ కింద ఒక చిన్న మూట. “నాది కూడా పట్టుకెళ్ళవే,” అని బల్ల మీద పెట్టి, కూర్చోమన్నా కూర్చోకుండా వెళ్ళిపోయింది. ఆమె వెనక ఇంకొకరు. తర్వాత ముందు వరసలో చేతులు ముడుచుకుని కూర్చున్నామె. ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. పూల రుమాలు, గళ్ళ రుమాలు, చిరుగుకి మాసిక వేసిన రుమాలు. హోర్దీ లోపలికి వెళ్ళి ఖాళీ గోతం తెచ్చి, మూటలన్నీ అందులో ఒకదాని మీద ఒకటి నలగకుండా సర్దాడు.

పొద్దున లారీ దగ్గరికి వచ్చేసరికి యావ్దోఖ ముందే ఎక్కి కూర్చుని ఉంది, తల మీద పండుగ రుమాలుతో.

“అత్తా, నది దాటాలి. మీరెలా వస్తారు?” అంది మోత్రియ.

“నీ కాళ్ళ మీద రానులే, నా కాళ్ళ మీదే వస్తా. నువ్వు ఒంటె లాగా అంత పొడుగున్నావు, పట్టుకోవడానికి ఏదో ఒకటి అందుతుంది. ఎక్కు.”

పాత మిల్లు దగ్గర హోర్దీ వాళ్ళని దింపాడు. తానూ దిగి బూట్లు విప్పబోతే తల్లి కసిరింది. “నువ్వు లారీ దగ్గరుండు. ఎవడైనా వస్తే దాణా అని చెప్పు. మగాళ్ళు దాటితే దొంగరవాణా అంటారు, ఆడాళ్ళు దాటితే పిచ్చివాళ్ళంటారు. పిచ్చి నయం.”

మోత్రియ గోతం తల మీదికి ఎత్తుకుంది. ఒక చెయ్యి గోతానికి, ఒక చెయ్యి అత్తగారికి. నీళ్ళు మోకాళ్ళకి, తొడలకి, నడుముకి వచ్చాయి. చలిగా ఉంది. మధ్యలో యావ్దోఖ కాలు జారింది. మునిగినంత పనైంది; మోత్రియ చెయ్యి వదల్లేదు. లాగిన లాగుడికి ముసలావిడ దగ్గుతూ పైకి వచ్చి, ముందు అడిగిన మాట, “పళ్ళు తడిశాయా?”

“లేదు.”

“అయితే నడు. నన్నేం చూస్తావు.”

అవతలి ఊరు చేరేసరికి పూజ అయిపోయింది. చర్చి తలుపులు మూసి ఉన్నాయి. పక్కింట్లో ఫాదర్ ఇలారియోన్ అరుగు మీద కూర్చుని తేనె, రొట్టె తింటున్నాడు. తెల్ల గడ్డం, అలిసిపోయిన ముఖం. తడిసిన బట్టలతో గోతం మోసుకుని వచ్చిన ఇద్దరు ఆడవాళ్ళని చూసి ఆయన భయపడ్డాడు. ఆయనకి వాళ్ళ భాష సరిగా రాదు, వీళ్ళకి ఆయన భాష అసలే రాదు.

“అవతల ఒడ్డు?” అన్నాడు. “కాదు. నా మీద ఆజ్ఞ. ఈ ఊరి వాళ్ళకి మాత్రం.”

“దూరం నుంచి వచ్చాం, ఫాదర్.”

“వచ్చే వారం. తర్వాత. ఇవాళ కాదు.”

“ఇవాళే,” అంది మోత్రియ.

ఆయన రొట్టె వైపు తిరిగాడు. మోత్రియ గోతం దించలేదు, కదల్లేదు. జాకెట్టు నుంచి నీళ్ళు అరుగు మీద కారుతున్నాయి. ఏం చెప్పాలో, ఏ మాట ఆయనకి తెలుస్తుందో ఆలోచించింది. ఏ మాటా తోచలేదు. అరచెయ్యి నేలకి తొడ ఎత్తున పట్టి చూపించింది. ఇంత. ఇంతే ఉండేది.

ఇలారియోన్ ఆ చేతిని చాలాసేపు చూశాడు. తర్వాత మూతి తుడుచుకుని, లోపలికి వెళ్ళి తాళంచెవి తెచ్చాడు.

చర్చి లోపల చల్లగా ఉంది. ఇక్కడి గోడల మీద సున్నం లేదు, బొమ్మలన్నీ ఉన్నాయి. గచ్చు మీద మూటలన్నీ విప్పి వరసగా పెట్టారు. ఫాదర్ ప్రార్థన చదివాడు, కుంచెతో నీళ్ళు చల్లాడు. ఒక్కో మూట దగ్గరా ఆగి పేరు అడిగాడు. పలాష్క బిడ్డకి పేరు పెట్టే వేళ కూడా లేకపోయింది. “పేరు లేదు” అని మోత్రియ అంటే, ఆయనకి ఏమర్థమైందో ఏమో, అక్కడ రెండుసార్లు చల్లాడు. చివరికి తన మూట వచ్చింది.

“ఉస్త్య,” అంది.

యావ్దోఖ గొంతు సర్దుకుంది. “ప్రోకిప్. హపోచ్క.” ఆగి, కోడలి వైపు చూడకుండా, “హపోచ్కకి నాలుగేళ్ళు. నడిచి నడిచి, ఇక నడవనంది,” అంది.

మోత్రియ పక్కకి జరిగింది. అత్తగారి మోచెయ్యి కింద చెయ్యి వేసి నిలబడింది.

పవిత్రం చేసిన పండు ముందు పరాయి పిల్లలకి పెట్టాలి. చర్చి బయట వీధిలో మోల్దావియా పిల్లలు బంతాట ఆడుతున్నారు. మోత్రియ తన మూట విప్పి తలా ఒకటి ఇచ్చింది. వాళ్ళు థాంక్స్ చెప్పారో, ఇంకోటి అడిగారో తెలియదు, ఇంకోటి కూడా ఇచ్చింది. మిగిలినవి పట్టుకుని నది ఒడ్డుకి వచ్చి, అత్తాకోడళ్ళు గడ్డి మీద కూర్చున్నారు. మోత్రియ వేదిక మీది పండు తీసి రెండు ముక్కలు చేసింది. వారం రోజులకి కొంచెం మెత్తబడింది. తిన్నారు. తింటూ మోత్రియ ఏడ్చింది, ఫిబ్రవరి తర్వాత మొదటిసారి, గట్టిగానే. యావ్దోఖ ఓదార్చలేదు. గింజలు ఉమ్మేస్తూ, “ఏడువు. అవతల ఒడ్డుకెళ్ళాక పందులున్నాయి, టైమ్ ఉండదు,” అంది.

ఆ శరదృతువంతా మోత్రియ పందుల దగ్గరే ఉంది. డిసెంబరులో ఒక మధ్యాహ్నం మంచులో చెక్క కాలు చప్పుడు వినపడింది. సావిచ్ కొట్టంలోకి వచ్చి, టోపీ దులుపుకుని, పందుల్ని మెచ్చుకున్నాడు. తర్వాత, “ఒక సంగతి చెప్పు. ఏరే పనిలో నీకు అనుభవం. మన తెల్ల యాపిల్ బాగా పండేది ఎప్పుడంటావు?” అన్నాడు.

మోత్రియ పార ఆపింది. “ఆగస్టు ఇరవై తర్వాత.”

“పన్నెండుకి పచ్చిగానే ఉంటుంది కదూ.”

“పచ్చే. పులుపు.”

“నేనూ పైకి అదే రాశాను. పంట శాస్త్రం ప్రకారం పండుగ ఇరవై దాటాక వచ్చే ఆదివారం జరపాలని. వాళ్ళు ఒప్పుకున్నారు. ఈ ఏడు జరిగింది మళ్ళీ జరగడం వాళ్ళకీ ఇష్టం లేదు.” టోపీ చేతిలో తిప్పుతూ, “మొదటి పండు సంగతే తేలట్లేదు. నాకు ప్రతి ఏడూ కొరకాలని లేదు,” అన్నాడు.

“పిల్లలకివ్వండి. ఏ ఇంటి పిల్లయినా సరే.”

“పిల్లలే మన రేపు,” అన్నాడు సావిచ్, గోడ మీద రాసే అక్షరాలు అప్పుడే కనపడుతున్నట్టు. “బాగుంది. దీన్ని ఎవరూ కాదనరు.”

“ఇంకోటి. నన్ను మళ్ళీ పళ్ళ దగ్గరికి పంపండి.”

“పందులు నీ చేతిలో బాగా బలిశాయమ్మా. ఇంకో ఏడాది...”

“వసంతానికల్లా. పండుగకి ఏరిన పళ్ళు కావాలంటే.”

సావిచ్ టోపీ పెట్టుకుంటూ, “నీతో బేరం ఆడటం కన్నా యుద్ధమే నయం,” అని గొణుక్కుంటూ వెళ్ళాడు. ఏప్రిల్‌లో ఆమె చర్చిలో తన బల్ల ముందు ఉంది.

ఆ ఏటి నుంచి యారివ్క యాపిల్ పండుగ స్పాస్ తర్వాత వచ్చే ఆదివారమే జరుగుతోంది. ఆ లోగా ఎవరి మూటలు ఎటు వెళ్ళి వచ్చాయో సావిచ్ అడగలేదు. పంతొమ్మిదిన పంటు మరమ్మతు కూడా ఆగిపోయింది. బ్యాండు, బండి, ప్రసంగం అలాగే ఉన్నాయి. ఉత్తమ కార్మికురాలు వేదిక ఎక్కి, మొదటి పండు ముందుకొచ్చిన ఏ పిల్లకో పిల్లాడికో ఇస్తుంది. తర్వాత చర్చి మళ్ళీ తెరుచుకున్నాక కూడా ఈ పద్ధతి మారలేదు. తేదీ అలా ఎందుకుందని చిన్నవాళ్ళని అడిగితే, పండు అప్పటికి గానీ తీపెక్కదు అంటారు.

రెండో ఏడు వేదిక ఎక్కింది మోత్రియే. కింద పిల్లలు తోసుకుంటున్నారు. అందరికన్నా వెనక నిలబడ్డ పిల్ల ఒకతి, పలాష్క కవలల్లో బతికినది, ఏడేళ్ళది. మోత్రియ దాన్ని రమ్మని పిలిచి పండు చేతిలో పెట్టింది. పిల్ల అక్కడే కొరికి, నోరంతా రసం చేసుకుంది. జనం చప్పట్లు కొట్టారు. యావ్దోఖ ముందు వరసలో కూర్చుని, కోడలికి ఆ జాకెట్టు నప్పలేదని పక్కామెతో చెబుతోంది.

మేళం మొదలయ్యాక మోత్రియ మెట్లు దిగి, ఏప్రాన్ కట్టుకుంది. సాయంత్రం రైలుకి సరుకు వెళ్ళాలి. చర్చి లోపల పెట్టెలు అలాగే ఉన్నాయి. డాన్సు చేస్తున్న వాళ్ళ మధ్యలోంచి దారి చేసుకుంటూ నడిచింది. హోర్దీ అప్పటికే లారీని గుమ్మం దగ్గర వెనక్కి పెట్టి, తలుపు తెరిచి ఉంచాడు.